రంగూను వెళ్ళెను



మన గోదావరి డెల్టాలో పాత కుటుంబాల దగ్గర కాసేపు కూర్చుంటే ఎక్కడో ఒకచోట రంగూను మాట వస్తుంది. ఒకరింట్లో రంగూను టేకు పెట్టె ఉంటుంది. ఇంకొకరింట్లో అక్కడినుంచి తెచ్చిన లక్క గిన్నె ఉంటుంది. వేరొకరింట్లో "మా తాత రంగూను వెళ్ళి మరి రాలేదు" అనే ఒక్క మాట ఉంటుంది. ఆయన ఎప్పుడు వెళ్ళారు, ఎవరితో వెళ్ళారు, ఏమయ్యారు అని అడిగితే పెద్దలు చెయ్యి తిప్పేసి ఊరుకుంటారు.

కొన్నేళ్ళ క్రితం మా సంఘంలోని కుటుంబాలవారిని నాలుగు తరాల పేర్లు రాసి ఇమ్మని అడిగాను. చాలామంది మూడో తరం దగ్గర ఆగిపోయారు. ఆడవారి పేర్లయితే రెండో తరం దగ్గరే ఆగిపోయాయి. మా ఇంటి కాగితం కూడా అలాగే సగం ఖాళీగా ఉంది. గనుక ముందుగా మా ఇంటి సంగతే వెదకాలని పూనుకున్నాను.

మా పూర్వికుల ఊరు తాళ్ళరేవు ప్రాంతంలో, కోరంగికి దగ్గర. కోరంగి ఒకప్పుడు పేరున్న రేవు, ఓడలు కట్టిన చోటు. 1839 నవంబరులో వచ్చిన తుపాను, ఉప్పెన ఆ రేవును ముంచివేశాయి. తరువాత ఓడల వ్యాపారం కాకినాడకు మారిపోయింది. అయినా బర్మాలో తెలుగువారిని "కోరంగీలు" అనే పిలిచేవారు. రేవు పోయినా రేవు పేరు సముద్రం దాటి వెళ్ళి మనవాళ్ళకు ఇంటిపేరులాగా అంటుకుంది.

ఎందుకు వెళ్ళారంటే కారణం మన నేలలోనే ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. డెల్టా పచ్చబడింది. అయితే పొలం ఉన్నవారికే పంట. పొలం లేని పాలేరుకు, కూలివానికి ఏడాదిలో కొన్ని నెలలే పని, మిగతా నెలలు అప్పు. సరిగ్గా ఆ 1852లోనే ఇంగ్లీషువారు దిగువ బర్మాను పట్టుకున్నారు. ఐరావతి నది డెల్టాలో అడవులు నరికి వరి వేయించారు. కోతలకు, రైసుమిల్లులకు, రంగూను రేవులో బస్తాలు మోయడానికి మనుషులు కావలసివచ్చారు. మేస్త్రీలు మన ఊళ్ళకు వచ్చి, ఇంత అని బయానా చేతిలో పెట్టి, జట్లు జట్లుగా తీసుకుపోయేవారు. ఆ బయానా, ఓడ ఖర్చు అక్కడి కూలిలోనుంచి కోసుకునేవారు. కాకినాడ దగ్గర సముద్రం లోతు తక్కువ గనుక స్టీమరు తీరానికి కొన్ని మైళ్ళ దూరంలో ఆగేది. పడవల్లో వెళ్ళి ఎక్కాలి. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో మన దేశస్థులు పది లక్షల పైచిలుకు ఉన్నారు. రంగూను పట్టణంలో సగానికి మించి వారే.

వలస వెళ్ళిన కుటుంబాల చరిత్ర వెదకడం లోకంలో కొత్త సంగతి కాదు. కాకినాడలోని మెక్లారిన్ హైస్కూలు మీలో చాలామందికి తెలుసు. జాన్ మెక్లారిన్ దొరగారు టెలిగ్రాఫు ఉద్యోగిగా ఉండిన మన తామస్ గాబ్రియేలుగారి పిలుపు విని 1874లో కాకినాడ వచ్చారు. ఆయన కెనడాలోని ఒంటారియో ప్రాంతంవారు. ఇంటిపేరు చూస్తే స్కాట్లండు కొండసీమలది. కెనడాలో అటువంటి స్కాట్లండు, ఐర్లండు కుటుంబాలు లక్షలు. తినడానికి లేకనో, భూస్వాములు వెళ్ళగొట్టడం చేతనో ఓడలెక్కి వెళ్ళి, అడవులు కొట్టి సాగుచేసుకున్నవారే వారంతా. మనవాళ్ళకూ వారికీ బయలుదేరిన కారణంలో పెద్ద తేడా లేదు.

తేడా రాతలో ఉంది. కెనడాలో 1851 జనాభా లెక్కల నుంచి ఇంటిల్లిపాది పేర్లు, వయస్సులు, పుట్టిన దేశం పుస్తకంలో రాశారు. ఆ పుస్తకాలను దాచారు. మన దేశంలో లెక్కలు తీశారు, మొత్తాలు అచ్చువేశారు. మనుషుల పేర్లు మిగల్చలేదు. 1847లో ఐర్లండు కరువుకు తాళలేక వెళ్ళినవారిలో ఐదువేలమందికి పైగా క్విబెకు దగ్గర గ్రోస్ ఈల్ అనే దీవిలో జ్వరాలతో చనిపోయి అక్కడే పాతిపెట్టబడ్డారు. ఇప్పుడు ఆ దీవిలో అద్దపు పలకలు నిలిపి, దొరికినంతమట్టుకు వారి పేర్లు చెక్కారు. ముని మనుమలు వెళ్ళి ఆ పేరుమీద వేలు పెట్టి చూసుకుంటారు.

మరొక ఉదాహరణ. కెనడాలోని నోవా స్కోషియా నుంచి, అంటే కొత్త స్కాట్లండు అని అర్థం, హన్నా మరియా నోరిస్ అనే ఆమె 1870లో ఊరూరా స్త్రీల సహాయ సంఘాలు స్థాపించి బర్మాకు బయలుదేరారు. తరువాత కొంతకాలం మన ఉత్తర సర్కారులలో తెలుగువారి మధ్య ఉన్నారు. 1880లలో భర్త ఆర్మ్‌స్ట్రాంగు దొరగారితో మళ్ళీ బర్మా వెళ్ళి, రంగూనులో తెలుగు, తమిళ కూలివారి మధ్య పనిచేశారు. ఆమె ఏ ఊరిలో పుట్టారో, ఏ తేదీన ఓడ ఎక్కారో ఈనాడు ఎవరైనా చదువుకోవచ్చు. ఆమె మాటలు విన్న ఆ కూలివారి పేర్లు చదువుకోవడానికి ఎక్కడ ఉన్నాయి?

మన తెలుగువారిలోనే మారిషసుకు, నాటాలుకు ఒప్పందపు కూలీలుగా వెళ్ళినవారికి కాగితాలున్నాయి. పేరు, తండ్రి పేరు, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చతో సహా రాసుకున్నారు. యజమానికి అప్పగించాలి గనుక రాశారు. మారిషసులోని మోకాలో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూటువారు వాటిని భద్రపరిచారు. బర్మా మాత్రం 1937 ఏప్రిల్ 1 వరకు హిందూదేశంలో భాగమే. అందుచేత పాసుపోర్టు లేదు, ఒప్పందపు కాగితం లేదు. డెక్కుమీద కూర్చున్నవారిని తలలు లెక్కపెట్టి దించేవారు. అటువంటి కుటుంబం చరిత్ర ఎక్కడ వెదకాలి?

నాకు మొదటి ఆధారం ఒక పాత బాప్తిస్మపు రిజిస్టరులో దొరికింది. చెదలు తినగా మిగిలిన పుస్తకం అది. మా ముత్తాత పేరు, తండ్రి పేరు, ఊరు వరుసగా ఉన్నాయి. "భార్య 1, పిల్లలు 1" అని అంకెలు వేసి ఉన్నాయి. చివరి గడిలో వేరే సిరాతో "రంగూను వెళ్ళెను" అని రాసి ఉంది. ఆ పేజీలోనే ఇంకా కొన్ని పేర్ల పక్కన అదే మాట. ఎవరో సంఘకాపరి ఆ మాట రాస్తూ రాస్తూ విసిగిపోయాడేమో, కింది పేర్ల దగ్గర "రం. వె." అని మాత్రమే ఉంది. మా ముత్తవ్వ పేరు ఆ పుస్తకంలో లేదు. ఆమె ఒక అంకె.

పంచాయతీ కాగితాలు, స్కూలు అడ్మిషను రిజిస్టరు, రిజిస్ట్రారు ఆఫీసులో పొలం దస్తావేజు నకలు ఒకదాని తరువాత ఒకటి చూశాను. పాత కరణాల పద్ధతి 1984లో రద్దయినప్పటి నుంచి కొన్ని ఊళ్ళ పాత లెక్కలు ఎక్కడున్నాయో కనుక్కోవడమే ఒక పని. చివరికి దస్తావేజులో ఒక సంగతి బయటపడింది. మా కుటుంబానికున్న అరెకరం పొలం రంగూనునుంచి వచ్చిన మనియార్డరు డబ్బుతో కొన్నది. ఆ డబ్బు పంపినవారు ఇద్దరు, మా ముత్తాత, ఆయన తమ్ముడు. ఆ తమ్ముడి మాట మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు.

మా బాబాయిని అడిగాను. ఆ పొలం చేసేది ఆయనే. ఆయన మొహం మాడ్చుకున్నాడు. "ఎందుకురా అయ్యా ఆ పాత గొడవలు? తవ్వేకొద్దీ వాటాలొస్తాయి. వాళ్ళెక్కడో ఉన్నారు, మనమిక్కడున్నాం. దేవుడి పని చూసుకో" అన్నాడు. డెల్టాలో పొలం ధర తెలిసినవారెవరూ ఆయనను తప్పు పట్టరు. కాని నాకు ఒక సంగతి అర్థమైంది. మన కుటుంబాల చరిత్ర అంతా మరిచిపోయి పోలేదు. కొంత భయంచేత దాచిపెట్టబడింది.

మా తాతగారి చెల్లెలు ఒకామె ఉన్నారు. వరసకు అమ్మమ్మ అవుతారు గాని మేమంతా మామ్మ అనే పిలుస్తాం. తొంభై దాటాయి. రంగూనులో నది అవతల డల్లాలో పుట్టారు. ముత్తాత సంగతి ఎంత అడిగినా చెప్పేవారు. రేవులో బస్తాలు మోయడం, మేస్త్రీ కూలి కోయడం చెప్పేవారు. ఆయన ఎడమ భుజంమీద కత్తి గాటు గురించి చెప్పేవారు. అది 1930 మే నెలలో తగిలిన దెబ్బ. కూలి పెంచమని తెలుగు రేవు కూలీలు సమ్మె కట్టారు. వారి బదులు బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తీరి మే 26న మనవాళ్ళు తిరిగి పనిలోకి వచ్చేసరికి బర్మావారికి పని పోయింది. పొట్టకూటికి వచ్చిన రెండు జట్లు కత్తులతో కలబడ్డాయి. వందమందికి పైగా చనిపోయారు. ఆ గాయంతో ఇంటికొచ్చిన ముత్తాతను ముత్తవ్వ మళ్ళీ ఒంటరిగా పంపనన్నదట. పెద్దకొడుకును, అంటే మా తాతను, ఊళ్ళో ముసలామె దగ్గర వదిలి తానూ ఓడ ఎక్కింది.

ఇంతవరకు మామ్మ చెబుతారు. 1942 దగ్గరికి వచ్చేసరికి మాత్రం "నడిచొచ్చేం" అని ఊరుకునేవారు.

మిగిలినది నేను పుస్తకాలు చూసి తెలుసుకున్నాను. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూనుమీద బాంబులు వేశాయి. ఓడల్లో చోటు డబ్బున్నవారికే దొరికింది. కూలి జనం లక్షలాదిగా కాలినడకన బయలుదేరారు. మనవాళ్ళలో చాలామంది ప్రోము వరకు వెళ్ళి, ఐరావతి దాటి, అరకాను కొండల్లో టౌంగప్ కనుమ ఎక్కి సముద్రపు ఒడ్డుకు దిగారు. అక్కడినుంచి పడవల్లో అక్యాబుకు, ఆపైన చిట్టగాంగుకు చేరారు. కనుమలో నీళ్ళు లేవు. కలరా సోకింది. దారిలో వేలమంది పోయారు. అక్కడ అద్దపు పలకలు లేవు, పేర్లు లేవు.

తమ్ముడి కుటుంబాన్ని వెదుకుతూ నేను విశాఖపట్నంలోని బర్మా క్యాంపు వెళ్ళాను. 1962లో బర్మాలో సైన్యం రాజ్యం చేపట్టింది. 1964లో దుకాణాలు, వ్యాపారాలు ప్రభుత్వపరం చేసుకుంది. ఆ రోజుల్లో లక్షల సంఖ్యలో మన దేశస్థులు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. అటువంటివారిలో కొందరు స్థిరపడిన పేట అది. రెండుమూడు సార్లు తిరిగాక, ఊరి పేరు, ఇంటిపేరు, అన్నదమ్ముల పేర్లు మూడూ కలిసిన ఒక పెద్దాయన దొరికారు. ముత్తాత తమ్ముడి కొడుకు. 1945లో బర్మాలోనే పుట్టారట. వరసకు నాకు చినతాత. నేను ఎవరినో చెప్పగానే ఆయన మంచినీళ్ళయినా ఇవ్వకముందే ఒక ప్రశ్న అడిగారు.

"ఆ చంటోడు బతికేడా?"

నాకు అర్థం కాలేదు. ఆయన నెమ్మదిగా చెప్పారు. రంగూనులో రెండు కుటుంబాలూ ఒకే గదిలో ఉండేవి. ముత్తాతకు నాలుగేళ్ళ మగపిల్లవాడుండేవాడు. ఎప్పుడూ చిన్నాన్న గుండెలమీదనే పడుకునేవాడు. అన్న బయలుదేరినప్పుడు తమ్ముడు కాలికి దెబ్బ తగిలి నడవలేక ఉండిపోయాడు. తరువాత ఉత్తరం లేదు, కబురు లేదు. "మా అయ్య పోయేదాకా అదే అడిగేవాడు. నేను పుట్టినప్పుడు ఆ పేరే నాకు పెట్టేడు. ఆడు బతికుంటే ఆ పేరోళ్ళు ఇద్దరవుతారు, నేకపోతే నువ్వొక్కడివి, అనేవాడు."

ఇంటికొచ్చి మామ్మకు ఆయన పేరు చెప్పాను. తమలపాకుకు సున్నం రాస్తున్న చెయ్యి ఆగిపోయింది. చాలాసేపటికి ఆమె చెప్పడం మొదలుపెట్టారు. కనుమ దారిలో నీళ్ళ డబ్బా ఆమె చేతిలోనే ఉందట. అప్పటికి ఆమెకు తొమ్మిదేళ్ళు. తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. దారి పక్క గుంటలో తెచ్చిన నీళ్ళు గనుక ఇవ్వొద్దని తండ్రి చెప్పాడు. వాడు రాత్రంతా నీళ్ళు అడిగాడు. తెల్లవారేసరికి అడగడం మానేశాడు. ఆకులు కప్పి, రాళ్ళు పెట్టి, వెనకవాళ్ళు తోసుకొస్తుంటే ముందుకు నడిచారు. మార్చి నెలలో సామర్లకోటలో రైలు దిగి ఇల్లు చేరారు. ఏప్రిల్ 6న కాకినాడమీద కూడా జపానువారి బాంబులు పడ్డాయి. ఆ గడబిడలో పిల్లవాడి సంగతి ఎవరూ అడగలేదు. ముత్తవ్వ ఆ పేరు మళ్ళీ పలకలేదు. ఇంట్లో ఎవరినీ పలకనివ్వలేదు. ఎనభై ఏళ్ళు మామ్మ ఆ డబ్బాను ఒంటరిగా మోశారు.

ఆ నెలలోనే చినతాతను ఊరికి తీసుకొచ్చాను. మామ్మ ఆయనను మంచం దగ్గరికి పిలిచి, మొహం తడిమి, ఆ పేరు పెట్టి పిలిచారు. ఆయన "అప్పా" అన్నారు. "ఇత్తే బతుకునేమోరా" అని ఆమె అంటే, "ఆ దారిలో నీళ్ళు తాగినోళ్ళూ పోయేరప్పా" అన్నారాయన. అంతకంటె ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

వాటా మాట ఆయన ఎత్తలేదు. తండ్రి డబ్బు పంపి కొన్న చేను ఒకసారి చూస్తానన్నారు. బాబాయే దగ్గరుండి గట్టుమీద నడిపించాడు. కొనవరకు ఇద్దరూ మౌనంగానే నడిచారు. తిరిగి వెళ్ళేటప్పుడు బాబాయి ఒక బస్తా బియ్యం ఆటోలో వేయించాడు. "మన చేలోవే" అన్నాడు. ఆ "మన" అనే మాట కోసమే నేను ఇన్నాళ్ళు తిరిగానేమో అనిపించింది.

ఎజ్రా గ్రంథంలో చెరనుండి తిరిగొచ్చినవారి పట్టిక ఉంది కదా. తమ పితరుల ఇల్లు ఏదో చూపించలేకపోయినవారు కూడా అందులో ఉన్నారు. చూపించలేకపోయారన్న సంగతితో సహా వారిని లెక్కలో రాశారు. ఆధారం లేనివారిని వదిలేయలేదు. మన ఇళ్ళలో కూడా పూర్తిగా తెలిసేవరకు ఆగనక్కరలేదు. తెలిసినంత రాయండి.

ఏమి చేయాలో రెండు మాటలు చెప్పి ముగిస్తాను. ముందు మీ ఇంట్లో అందరికంటె పెద్దవారి దగ్గర కూర్చోండి. తేదీలు అడగవద్దు, వారికి గుర్తుండవు. ఏ తుపానుకు ముందు, ఏ పెళ్ళికి తరువాత అని అడగండి. ఆడవారి పుట్టింటి ఊరు, పుట్టింటి పేరు తప్పకుండా రాయండి. చనిపోయిన పసిపిల్లలను లెక్కలోనుంచి తీసివేయకండి. తరువాత సంఘపు రిజిస్టరు, స్కూలు రిజిస్టరు, పొలం దస్తావేజు చూడండి. మీ సంఘం దగ్గర పాత రిజిస్టర్లుంటే ఫోనుతోనైనా ఫోటోలు తీసి దాచండి, చెదలు మనకోసం ఆగవు. ఇంట్లో ఎవరైనా "ఎందుకా గొడవ" అంటే వారిమీద కోపగించుకోవద్దు. వారి భయం ఏమిటో కనుక్కోండి. ఒక్కొక్కసారి మనం వెదికే పేరు ఆ భయం వెనకే ఉంటుంది.

మా కుటుంబ బైబిలులో ముందున్న ఖాళీ పేజీలో మా ముత్తవ్వ పేరు, మామ్మ చెప్పగా, మొదటిసారి రాశాను. దాని కింద ఆ పిల్లవాని పేరు, "రంగూనులో పుట్టెను, 1942లో టౌంగప్ కనుమలో నిద్రించెను, వయస్సు 4" అని రాశాను. పక్కన ముత్తాత తమ్ముని కుటుంబం పేర్లన్నీ రాయడానికి ఆ పేజీ చాలలేదు. ఇంకొక కాగితం అతికించవలసివచ్చింది.